వారం సోమవారంతో మొదలుపెడితే డిసెంబర్ చివర తేడా వస్తోంది, ఎక్సెల్‌లో ఏం రాయాలి?

మా కుట్టు యూనిట్‌లో పదకొండు మందికి వారం కూలీ. మాకు వారమంటే సోమవారం నుంచి ఆదివారం దాకా. ఆదివారం వస్తే ఒకటిన్నర కూలీ. వాడేది ఎక్సెల్ 2016.

మొదట వీక్‌నమ్ (తేదీ ఇస్తే ఏడాదిలో ఎన్నో వారమో చెప్పే ఫంక్షన్) పెట్టాను. గోడ మీది క్యాలెండర్‌లాగే అది ఆదివారంతో మొదలెడుతుంది. దాంతో 2026 జనవరి 4 ఆదివారం కూలీ వెళ్లి రెండో వారంలో పడింది. వారం సోమవారంతో మొదలవ్వాలని ఫంక్షన్‌లో తేదీ తర్వాత 2 ఇచ్చాను. ఆదివారం సర్దుకుంది గానీ వారమే రెండు ముక్కలైంది: డిసెంబర్ 29 నుంచి 31 వరకు 53, జనవరి 1 నుంచి 4 వరకు 1.

ఐసోవీక్‌నమ్‌తో (సోమవారంతో మొదలై, ఏడాది మారినా వారాన్ని ముక్కలు చేయని ఫంక్షన్) ఆ ఏడు రోజులకూ 1 వస్తోంది, నాకు కావలసింది అదే. కానీ ముందు సంవత్సరం తగిలిద్దామని ఇయర్ ఫంక్షన్ కలిపితే డిసెంబర్ 29 కాస్తా '2025-1' అయి, 2025 జనవరి మొదటి వారం కూలీలతో కలిసిపోతోంది. పివట్‌లో (వారాలవారీగా మొత్తాలు చూపే పట్టిక) ఒకావిడకి వారానికి ఎనిమిది రోజుల పని కనబడింది! ఇప్పటికైతే ఆ మూడు వరుసలూ చేత్తో దిద్దాను.

డిసెంబర్ 29, 30, 31 తేదీలకు కూడా '2026-1' రావాలంటే సంవత్సరం భాగంలో ఏ ఫార్ములా రాయాలి?