ఎస్ఓడీ2 ఒక విషాన్ని తీసేసి ఇంకో విషాన్ని చేస్తుందా?

పలాస పిల్ల:
బీఎస్సీ బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం. అమ్మ జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. రాత్రి పక్కన కూర్చుని ఏం చదువుతున్నావే అంటే చెప్పాను: కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో సూపరాక్సైడ్ పుడుతుంది, ఎస్ఓడీ2 అనే ప్రొటీన్ దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చి కణాన్ని కాపాడుతుంది అని. "పుండు మీద పోస్తే బుసబుసా పొంగేదే కదా, అది కాపాడడమేంటి?" అంది. నోట మాట రాలేదు. క్లాసులో అడిగితే ఈక్వేషన్ రాస్తే మార్కులు పడతాయన్నారు. ఎవరైనా చెప్పండి.

విజయనగరం మాస్టారు:
మీ అమ్మగారి ప్రశ్న బాగుందమ్మా. ముప్ఫై ఏళ్ల సర్వీసులో నన్నెవరూ ఇలా అడగలేదు.

శ్వాసక్రియలో ఎలక్ట్రాన్లు ఒకరి చేతి నుంచి ఒకరికి అందుతుంటాయి. వాటిని అందించే ప్రొటీన్ గుంపుల్లో కాంప్లెక్స్ 1, 3 అనే వాటి దగ్గర ఒకటీ అరా జారి ఆక్సిజన్‌కి అంటుకుంటాయి. అదే సూపరాక్సైడ్. దానికి రుణావేశం ఉంది కాబట్టి మైటోకాండ్రియా లోపలి పొర దాటి బయటికి పోవడం కుదరదు. అందుకే మాంగనీసు ఉన్న ఎస్ఓడీ2 మాట్రిక్స్‌లోనే, అంటే ఆ పొర లోపలే, కాపు కాయాలి. జీడి పిక్కలు కొట్టేవాళ్లు చేతికి ముందే రాసుకునే ఆముదంలా కాదు, జీడి చిందిన చోటే తుడిచే గుడ్డలా అనుకోండి.

ఇక అసలు సంగతి. సూపరాక్సైడ్ పోయి పోయి అకోనిటేజ్ లాంటి ఎంజైముల్లోని ఇనుము-గంధకం గుత్తి మీద పడుతుంది. ఇనుము ఊడిపోతుంది. ఊడిన ఇనుము పెరాక్సైడ్‌తో కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. దాన్ని పట్టే ఎంజైమే లేదు, ఎదురైనదాన్నల్లా కాల్చేస్తుంది. రెండు సూపరాక్సైడ్లని పట్టి ఒక ఆక్సిజన్, ఒక పెరాక్సైడ్ చేసేస్తే ఇనుము ఉన్నచోటే ఉంటుంది. ఆ పెరాక్సైడ్‌ని పెరాక్సిరెడాక్సిన్ 3, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు నీళ్లు చేస్తాయి. పుండు మీద పొంగు మాత్రం కాటలేజ్ అనే ఇంకో ఎంజైము పని.

1995లో ఎస్ఓడీ2 జన్యువు లేని ఎలుకల్ని పుట్టించి చూశారు. పది రోజుల్లోపే చనిపోయాయి, గుండె ఉబ్బిపోయింది, అకోనిటేజ్ పని బాగా పడిపోయింది. మైటోకాండ్రియా బయట, సైటోప్లాజంలో ఇదే పని చేసే ఎస్ఓడీ1 లేని ఎలుకలు మాత్రం బతికాయి.

కవిటి కుర్రోడు:
మాస్టారూ, మా వైపు కిడ్నీ పని తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ కాస్త పెరిగిందంటే చాలు, యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు అంటగడుతున్నారు. మాంగనీసు కూడా ఉందట. నాన్నకి వెయ్యొచ్చా?

విజయనగరం మాస్టారు:
వద్దు నాయనా. మామూలుగా తినే తిండిలోనే మాంగనీసు సరిపడా వస్తుంది, మాత్ర వేసినంత మాత్రాన ఎస్ఓడీ2 పెరగదు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకి ఏళ్ల తరబడి బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ ఇచ్చారు. 1994లో లెక్క తీస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. మీ ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణమే ఇంకా తేలలేదు, దానికి మందంటూ అమ్మేవాణ్ని ఎలా నమ్ముతాం? నాన్నగారిని చూసే కిడ్నీ డాక్టరుకి ఆ సీసా చూపించండి. ఆయన చెప్పేదాకా మూత తీయొద్దు.

పలాస పిల్ల:
అమ్మకి చదివి వినిపించాను మాస్టారూ. "అయితే గొడవంతా ఇనుము ఊడితేనే అన్నమాట. మరి ఊడినదాన్ని మళ్లీ బిగించేవాళ్లు లేరా?" అంది. ఇప్పుడేం చెప్పమంటారు?

విజయనగరం మాస్టారు:
ఉన్నారని చెప్పమ్మా. ఫ్రటాక్సిన్ అనే ఇంకో ప్రొటీన్ ఉంది, రేపు రాస్తాను. అమ్మగారిని కూడా కూర్చోబెట్టుకో.