విక్కా అనే ఆధునిక మంత్రగత్తెల మతానికీ సైతాను ఆరాధనకీ సంబంధం ఉందా, లేదా?

కృష్ణాతీరం:
ఉందనే నా వాదన. విక్కా దేవుడికి కొమ్ములు. గుర్తు ఐదు కొనల నక్షత్రం. పూజలో కత్తి. వాళ్ల పెద్ద పండుగ బెల్టేన్ మే 1న వస్తుంది; అమెరికాలో ఆంటన్ లావే సైతాను చర్చిని స్థాపించింది దాని ముందురోజే, 1966 ఏప్రిల్ 30న. ఇన్ని కలిసినా కాకతాళీయమే అంటే ఎలా నమ్మేది?

గ్రంథాలయం24:
@కృష్ణాతీరం గారూ, ముందు తేదీలు చూద్దాం. విక్కాను లోకానికి చెప్పినవాడు జెరాల్డ్ గార్డ్‌నర్. మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి ఇంగ్లండ్ తిరిగొచ్చిన మనిషి. 1735 నాటి మంత్రవిద్య చట్టాన్ని బ్రిటన్ 1951లో రద్దు చేసింది. ఆ తర్వాత, 1954లో ఆయన ఈ మతం గురించి పుస్తకం వేశాడు. లావే చర్చి దానికి పన్నెండేళ్ల తర్వాతది. పైగా లావే అనుచరులు నాస్తికులు. సైతాను నిజంగా ఉన్నాడని వాళ్లు నమ్మరు, అహానికీ కోరికలకీ అతన్ని ప్రతీకగా పెట్టుకున్నారు. ఎవరికీ హాని చేయకూడదనే విక్కా నియమమంటే లావేకు చిన్నచూపు.

ఏప్రిల్ 30 రాత్రి జర్మన్ జానపదంలో మంత్రగత్తెలు కొండ మీద కూడే రాత్రి. బెల్టేన్ ఐర్లండ్, స్కాట్లండ్ పశుపాలకుల వేసవి పండుగ. రెండూ వేర్వేరు చోట్ల పుట్టినవి.

ఇక కొమ్ములు. పారిస్‌లో దొరికిన క్రీ.శ. 1వ శతాబ్దపు రాతి స్తంభం మీద కెర్నున్నోస్ అనే కొమ్ముల దేవుడి బొమ్మ, పేరు చెక్కి ఉన్నాయి. గ్రీకుల పాన్‌కూ మేక కొమ్ములే. సైతానును కొమ్ములతో, మేక కాళ్లతో గీయడం చాలా శతాబ్దాల తర్వాతి పని. విక్కాలో ఈ దేవుడికి తోడుగా దేవత ఉంటుంది. వాళ్లిద్దరికీ శత్రువుగా నిలిచే సైతాను అనే పాత్రే ఆ మతంలో లేదు.

వేకువచుక్క:
కత్తి సంగతి చెప్తాను, ఎక్కువ అపోహ అక్కడే. దాన్ని అథామే అంటారు. నల్ల పిడి, రెండంచులు. గార్డ్‌నర్ సంప్రదాయంలో 9 అడుగుల వ్యాసంతో వలయం గీయడానికి వాడతారు. ముందు నీళ్లలో ఉప్పు కలిపి ఆ వలయం చుట్టూ చల్లుతారు, తర్వాత ధూపం తిప్పుతారు, అదంతా సవ్యదిశలోనే. తూర్పున గాలిని, దక్షిణాన అగ్నిని, పడమట నీటిని, ఉత్తరాన భూమిని పిలుస్తారు. చివర్లో రొట్టెలు, ద్రాక్షసారా పంచుకుంటారు. మూలికలో తాడో కోయాలంటే దానికి తెల్లపిడి కత్తి వేరే ఉంటుంది. బలి లేదు.

కొన్ని బృందాలు దిగంబరంగా పూజ చేస్తాయన్నది నిజం. దాన్ని దాచి మాట్లాడేవాళ్ల వల్లే అనుమానాలు పెరుగుతున్నాయి. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పాలి.

కృష్ణాతీరం:
రెండు విషయాలు మీరు ముట్టుకోలేదు. గార్డ్‌నర్ 1947లో ఇంగ్లండ్ మాంత్రికుడు అలిస్టర్ క్రౌలీని కలిసి అతని సంఘం నుంచి అధికారపత్రం పొందాడు. తలకిందుల నక్షత్రం విక్కాలోనే రెండో దీక్షకు గుర్తు. వీటికేమంటారు?

సాక్ష్యం_ముందు:
రెండూ నిజాలే, కాదనడం తప్పు. క్రౌలీ స్థాపించింది థెలీమా అనే వేరే మతం. అతని వాక్యాలు గార్డ్‌నర్ పూజాపాఠంలోకి వచ్చాయి. 1953లో దీక్ష తీసుకున్న డోరీన్ వాలియెంటే వాటిని గుర్తుపట్టింది. క్రౌలీ పేరు అంటితే చెడ్డపేరేనని నిలదీసి, చాలా భాగం తీసేసి, పూజలో దేవత పలుకులుగా చదివే భాగాన్ని తానే తిరిగి రాసింది. ఈ రోజు విక్కా బృందాల్లో చదివే పాఠంలో ఎక్కువ ఆమెదే.

తలకిందుల నక్షత్రాన్ని చెడుకు ముడిపెట్టింది 1850లలో ఫ్రాన్స్‌లో మంత్రవిద్య గురించి రాసిన ఎలిఫాస్ లెవీ. లావే సంస్థ గుర్తులో ఆ నక్షత్రంలో మేక ముఖం, చుట్టూ లెవియాథన్ అనే బైబిల్ సముద్ర రాక్షసి పేరు హీబ్రూ అక్షరాల్లో ఉంటాయి. విక్కా రెండో దీక్ష గుర్తులో అవేవీ ఉండవు.

విక్కాను వెనకేసుకొచ్చే వాళ్లకూ ఒక మాట. "మాది రాతియుగపు మతం, అమెరికాలోని సేలంలో మావాళ్లను తగలబెట్టారు" అనడం ఆపాలి. సేలంలో 1692లో మంత్రవిద్య నేరం మోపి 19 మందిని ఉరితీశారు, ఎవరినీ కాల్చలేదు, చనిపోయినవాళ్లు క్రైస్తవులు. ప్రాచీన మంత్రగత్తెల మతం రహస్యంగా బతికిందని మార్గరెట్ ముర్రే 1921లో రాసిన సిద్ధాంతాన్ని చరిత్రకారులు తోసిపుచ్చారు. తప్పుడు చరిత్ర పట్టుకుని వాదిస్తే నిజమైన జవాబుకు కూడా విలువ పోతుంది.

వేకువచుక్క:
ఒప్పుకుంటున్నాను, కొత్తదైనంత మాత్రాన మతం కాకుండా పోదు. అమెరికా అప్పీలు కోర్టు 1986లోనే విక్కాను మతంగా గుర్తించింది. 2007 నుంచి ఆ దేశ సైనికుల సమాధి రాళ్ల మీద వృత్తంలో నక్షత్రం చెక్కడానికి ప్రభుత్వం అనుమతిస్తోంది.

అపోహకు ఎంత మూల్యమో అమెరికాలోని వెస్ట్ మెంఫిస్ కేసు చూడండి. 1993లో ముగ్గురు ఎనిమిదేళ్ల పిల్లల హత్య. సైతాను బలి అనే ఊహతో ముగ్గురు కుర్రాళ్లను పట్టుకున్నారు. వాళ్లలో ఒకడికి విక్కా మీద ఆసక్తి ఉండటం కోర్టులో అతనికి వ్యతిరేకంగా పనిచేసింది, మరణశిక్ష పడింది. 2011లో ముగ్గురూ బయటికొచ్చారు, అప్పటికి పద్దెనిమిదేళ్లు జైల్లో గడిచాయి. సైతాను పేరుతో వ్యవస్థీకృత నరబలులు జరుగుతున్నాయనే ఆరోపణలకు ఆధారం దొరకలేదని ఎఫ్‌బీఐ అధికారి కెనెత్ లానింగ్ 1992లోనే నివేదిక రాశాడు.

కృష్ణాతీరం:
సంస్థల మధ్య సంబంధం చూపలేనని తేలింది, సరే. కానీ క్రైస్తవ విశ్వాసిగా నా ప్రశ్న నిలిచే ఉంది. అన్యదేవతలకు అర్పించేది దయ్యాలకే అర్పించడమని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయం చెబుతోంది. ఆ లెక్కన విక్కా కూడా అంతేగా?

సాక్ష్యం_ముందు:
అది మీ విశ్వాసం ఇచ్చే తీర్పు, దాన్ని నేను కాదనను. అయితే ఆ కొలతకు విక్కా ఒక్కటే నిలవదు. పోచమ్మకు పెట్టే బోనం, తిరుమలలో నైవేద్యం కూడా అందులోకే వస్తాయి. "నా మతం ప్రకారం ఇది తప్పు" అనండి, అభ్యంతరం లేదు. "వాళ్లు సైతానును పూజిస్తారు" అనడం ఎదుటివాళ్లు ఏం చేస్తున్నారన్న వాస్తవం గురించిన మాట, దానికి సాక్ష్యం చూపాలి. అమెరికాలో మన పిల్లల మెడలో ఈ నక్షత్రం కనిపించి గాభరాపడే తల్లిదండ్రులు మేక ముఖం, హీబ్రూ అక్షరాలు ఉన్నాయేమో చూసి, అది ఏ సంప్రదాయానిదో పిల్లలనే అడగండి.