మూకీ సినిమాకి లైవ్‌లో సింథ్ (సింథసైజర్, ఎలక్ట్రానిక్ కీబోర్డు) వాయిస్తున్నాం, బొమ్మతో సింక్ తప్పకుండా ఉండాలంటే ఎలా?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, నలుగురం కలిసి రెండు సింథ్‌లు, ఒక డ్రమ్ మెషిన్, ల్యాప్‌టాప్ పెట్టుకుని ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేస్తాం. వచ్చే నెల చిన్న హాల్లో 1929 నాటి మూకీ ‘ఎ త్రో ఆఫ్ డైస్’ వేసి, తెర పక్కన కూర్చుని వాయించాలనుకుంటున్నాం. భారతంలోని జూదం ఘట్టం ఆధారంగా అల్లిన కథ, పెద్దవాళ్లకి కూడా పట్టేస్తుందని నా నమ్మకం. దీనికి 2006లో బ్రిటిష్ సంగీతకారుడు నితిన్ సాహ్నీ ఆర్కెస్ట్రాతో సంగీతం చేశారు, మాది పూర్తిగా వేరే దారి.

సమస్య ఏంటంటే, మూకీల కాలంలో ఫ్రేముల వేగం సినిమాకో రకంగా ఉండేది, మేం ప్రాక్టీస్ చేసిన కాపీ ఒకటి, హాల్లో వేసేది ఇంకొకటి, రెండింటి నిడివీ వేరు. మొన్న రిహార్సల్లో పాచికలు పడిన రెండు సెకన్లకి గానీ మా దెబ్బ పడలేదు, సీను ప్రాణం అక్కడే పోయింది. మైపాడు సముద్రం హోరు రికార్డు చేసి లూప్‌గా వాడుతున్నాం, అదొక్కటే ఎక్కడ మొదలెట్టినా సరిపోతోంది. క్లిక్ ట్రాక్ (చెవిలో తాళం కోసం టిక్ టిక్‌మని వినిపించేది) పెడితే అందరం బిగుసుకుపోతున్నాం.

ఇలాంటిది చేసినవాళ్లుంటే చెప్పండి, ఒకరు తెర చూస్తూ సైగ చేయడం మేలా, లేక వీడియో, సంగీతం రెండూ ఒకే ల్యాప్‌టాప్ నుంచి టైమ్‌కోడ్‌తో (రెండింటినీ ఒకే సమయానికి కట్టి ఉంచే సంకేతంతో) నడపాలా? నాకు మొదటిదే ఇష్టం, కానీ చీకట్లో ఆ సైగ కనిపించేదెలా? చాలా టెన్షన్‌గా ఉంది.