పేజీలో ఆదివారం, గూగుల్‌లో శనివారం: మా షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ పేజీలు ఎక్కడ తప్పాయి?

పెన్నగట్టు (నెల్లూరు):

అందరికీ నమస్కారం. నెల్లూరులో మేం పదకొండు మందిమి కలిసి ఏటా మార్చిలో చిన్న షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ జరుపుతాం. హాలు ఆదివారాలే దొరుకుతుంది కాబట్టి 2025లో మార్చి 2న, 9న పెట్టుకున్నాం. మొత్తం 38 సినిమాలు, ఎనిమిది ఆటలు. సినిమా పేరు, దర్శకుడు, నిడివి, తేదీ, టైము అన్నీ ఒక గూగుల్ షీట్‌లో ఉంటాయి. మిత్రుడొకరు రాసిచ్చిన స్క్రిప్టు ఆ షీట్ చదివి సినిమాకొక పేజీ చొప్పున కడుతుంది. గూగుల్‌కి అర్థమయ్యేలా పేజీ అడుగున జేసన్ ఎల్‌డీ అనే కోడ్ ముక్క కూడా పెడుతుంది. ఆ వెబ్‌సైట్ చూసుకునేది నేనే.

జరిగింది చెప్తాను. ఉలవపాడు మామిడితోటలో కాపలా ఉండే ఒక తాత మీద కందుకూరు కుర్రాడు పన్నెండు నిమిషాల సినిమా తీశాడు. అది 9వ తేదీ సాయంత్రం ఆటలో ఉంది. 'గూగుల్‌లో కొడితే తేదీ, హాలు వస్తాయి' అని ఆ కుర్రాడు తాత వాళ్లింట్లో చెప్పాడట. మనవడు కొట్టి చూస్తే మార్చి 8 అని వచ్చింది. శనివారం తాతని తీసుకుని బస్సులో నెల్లూరు వచ్చాడు. హాల్లో ఎవరిదో పెళ్లి రిసెప్షన్ జరుగుతోంది. మనవడు నాకు ఫోన్ చేసే సరికి ఇద్దరూ తిరుగు బస్సులో ఉన్నారు. మర్నాడు రమ్మని బతిమాలాను. పిందె పడే రోజులు, తోట వదిలి మళ్లీ రాలేనన్నాడు తాత. తన సినిమాని తను తెర మీద చూసుకోలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా పేజీ తెరిస్తే మార్చి 9 అనే ఉంది. మరి గూగుల్‌కి 8 ఎక్కడి నుంచి వచ్చింది? ఇంకోటి కూడా ఉంది. 38 పేజీల్లో 29 పేజీలను గూగుల్ సెర్చ్ కన్సోల్ (మన సైట్ గూగుల్‌లో ఎలా ఉందో చూపే సాధనం) 'చూశాం కానీ ఇండెక్స్ చేయలేదు' అన్న వరుసలో పెట్టింది, అంటే వెతికితే అవి రావు. వచ్చే మార్చికి ఈ రెండూ సరిచేయాలి. కాస్త తెలిసినవాళ్లు చెప్పండి.

కొత్తపట్నం అల (ఒంగోలు):

తేదీ సంగతి నాకు తెలుసన్నా, నేనూ ఇందులో పడ్డాను. నీ షీట్‌లో తేదీ ఒక గడిలో, టైము ఇంకో గడిలో ఉండుంటాయి. స్క్రిప్టు ఆ తేదీని 9వ తేదీ అర్ధరాత్రి 12 గంటలుగా తీసుకుంటుంది, అది మన టైము. దాన్ని ప్రామాణిక రూపంలోకి మార్చే ఫంక్షన్ ముందు యూటీసీకి, అంటే ప్రపంచ ప్రామాణిక సమయానికి, తెస్తుంది. మన టైము యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు కదా, వెనక్కి లెక్కేస్తే 8వ తేదీ సాయంత్రం 6:30 అవుతుంది. ఆ తర్వాత స్క్రిప్టు అందులోంచి తేదీ ముక్క ఒక్కటే కత్తిరించుకుంటుంది. అంతే, 8. పేజీ మీద కనిపించే తేదీని మాత్రం స్క్రిప్టు మన టైములోనే రాస్తుంది కాబట్టి నీకెప్పుడూ తప్పు కనపడదు.

ఆ ఫంక్షనే తీసెయ్. షీట్‌లో తేదీని మామూలు టెక్స్ట్‌గా ఏడాది, నెల, రోజు వరుసలో రాయి: 2026-03-08. టైము 24 గంటల లెక్కలో 18:00. రెండింటినీ అతికించి చివర +05:30 పెట్టమను. ఏ లెక్కా వద్దు, ఉత్త అతుకే. షీట్ సెట్టింగ్స్‌లో దేశం అమెరికా అని ఉందేమో కూడా చూడు. ఉంటే 02/03 అని రాసింది ఫిబ్రవరి 3 అయిపోతుంది. మార్కప్‌ని, అంటే పేజీ అడుగున పెట్టే ఆ కోడ్‌ని, గూగుల్ రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌లో పెట్టినప్పుడు పచ్చ టిక్కు చూసి వదిలేయొద్దు. తప్పు తేదీకి కూడా టిక్కు పడుతుంది. లోపలికి వెళ్లి తేదీని కంటితో చదవాలి.

వాయిదా గురించి కూడా చెప్తా, మన తీరంలో అది తప్పదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది చూడు, ఆ వారం మాదొక ప్రదర్శన ఆగిపోయింది. కంగారులో నేను పేజీనే తీసేశాను. అది తప్పు. పేజీ ఉంచి స్థితిని 'వాయిదా' అని మార్చాలి. కొత్త తేదీ తెలియనంతవరకు పాత తేదీ అలాగే ఉండాలి. తెలిశాక స్థితి 'తేదీ మారింది', కొత్త తేదీ అసలు గడిలోకి, పాతది 'మునుపటి తేదీ' గడిలోకి. మార్కప్‌లో వాడే పదాల పట్టికని స్కీమా అంటారు, అందులో ఈ మూడింటికీ చోటుంది. పేజీ పైన కూడా పెద్ద అక్షరాల్లో రాయాలి, వచ్చేవాళ్లు చదివేది దాన్నే కదా.

పాత ట్రంకురోడ్డు (ఒంగోలు):

పద్నాలుగేళ్లుగా ఊళ్లో దుకాణాలకి, కాలేజీలకి వెబ్‌సైట్లు కడుతున్నాను. మీ రెండో ప్రశ్నకి జవాబు మీ షీట్‌లోనే ఉంది. సినిమాకొక పేజీ అన్నారు. ఆ పేజీలో ఏముంది? పేరు, దర్శకుడు, 12 నిమిషాలు, తేదీ. నాలుగు ముక్కలు తప్ప 38 పేజీలూ ఒకటే. అలాంటివాటిని గూగుల్ చూసి పక్కన పెట్టడంలో వింతేమీ లేదు.

మనిషి ఇంట్లోంచి బయల్దేరేది సినిమాకి కాదు, ఆటకి. సాయంత్రం ఆరు గంటల ఆటకి వస్తే ఐదు సినిమాలు చూసి వెళ్తాడు. కాబట్టి పేజీ ఆటది కావాలి. మీకు ఎనిమిది ఆటలు, అంటే ఎనిమిది మంచి పేజీలు. ఒక్కోదాంట్లో ఆ ఆటలోని సినిమాలన్నీ వరుసగా, ఒక్కోదాని గురించి నాలుగైదు వాక్యాలు, ఒక ఫొటో, భాష, సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేవో, హాలు ఎక్కడ, బస్టాండు నుంచి ఎలా రావాలి, టికెట్టా ఉచితమా, అన్నీ రాయండి. సినిమాకి విడిగా పేజీ ఎప్పుడు కట్టాలంటే, దాని గురించి చెప్పడానికి నిజంగా ఏదైనా ఉన్నప్పుడు. తాత సినిమాకి తప్పకుండా కట్టండి.

స్కీమాలో ఇదే అమరికకి పేర్లున్నాయి. మొత్తం పండగకి 'ఫెస్టివల్', దాని కింద ఒక్కో ఆటకి 'స్క్రీనింగ్ ఈవెంట్', అందులో చూపించే కృతిగా 'మూవీ'. ఈవెంట్‌కి గూగుల్ తప్పనిసరిగా అడిగేవి పేరు, మొదలయ్యే తేదీ, చిరునామాతో సహా స్థలం. మిగతావి ఉంటే మంచిది. ఒక్కో ఈవెంట్‌కి సొంత లింకు ఉండాలి. పేజీలో కనిపించనిది మార్కప్‌లో పెట్టకూడదు. ఇవన్నీ చేసినా తేదీ, స్థలం విడిగా చూపించాలా వద్దా అన్నది గూగుల్ ఇష్టం. దాన్నే నమ్ముకోకండి. మార్కప్ లేకపోయినా పని జరిగేలా పేజీ ఉండాలి.

షీట్ కూడా విడగొట్టండి. సినిమాలకి ఒక ట్యాబ్, ఆటలకి ఒకటి, వేదికలకి ఒకటి. మధ్యలో చిన్న కోడ్ నంబర్లతో కలపండి. నేను ఇది చేయక ఎంత పడ్డానో చెప్తాను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. నేను కట్టిన ఒక కార్యక్రమాల జాబితాలో అది ప్రకాశం జిల్లా అని 41 చోట్ల చేత్తో రాసి ఉంది. వెతికి వెతికి మార్చినా రెండు మిగిలిపోయాయి. వేదికలకి ఒక ట్యాబ్ ఉండుంటే ఒక్క గడి మార్చేవాణ్ని.

మీ పేజీని ఎవరైనా తెరిచాక బ్రౌజర్లో షీట్ నుంచి నింపుతున్నారా, ముందే తయారుచేసి పెడుతున్నారా? మొదటిదైతే మానేయండి. గూగుల్ దాన్ని చదవగలదు కానీ ఆలస్యం కావచ్చు. వాట్సాప్‌లో లింకు పంపితే బొమ్మా పేరూ రావు. మనవాళ్లు సగం మంది వచ్చేది వాట్సాప్ లింకు నుంచే.

పెన్నగట్టు (నెల్లూరు):

కొత్తపట్నం అల, నువ్వు చెప్పిందే. స్క్రిప్టు మధ్యలో తయారుచేసే తేదీలో 18:30 అన్న ముక్క కనిపించింది. ఐదున్నర గంటల తేడా ఆ తాతని అంత దూరం తిప్పింది. సార్, మీరు చెప్పినట్టు ఆటకొక పేజీ కడుతున్నాను. పేజీలు ముందే తయారై ఉంటాయి, అది మాత్రం మొదటి నుంచీ సరిగానే ఉంది.

ఇప్పుడు పేర్ల దగ్గర ఆగిపోయాను. ఒకే దర్శకుడి పేరు రెండు వరుసల్లో అచ్చం ఒకేలా ఉన్నా స్క్రిప్టు ఇద్దరిగా లెక్కపెడుతోంది. కథా సారాంశాలు బ్రోషర్ కోసం డీటీపీలో కొట్టించాం. అక్కడి నుంచి కాపీ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తున్నాయి. లింకుల్లో తెలుగు పెట్టాలా వద్దా అన్నది కూడా తేలలేదు.

పొగతోట పుస్తకాలు (నెల్లూరు):

నేను లైబ్రరీ పని చేసేదాన్ని, కేటలాగ్‌లో ఇవన్నీ చూశాను. డీటీపీలో కొట్టింది ఎక్కువగా 'అను' అనే పేరున్న ఫాంట్స్‌లో ఉంటుంది. అందులో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, తెలుగులా కనిపించే బొమ్మలు. ఆ ఫాంట్ లేనిచోట గుర్తులే మిగులుతాయి. కన్వర్టర్లతో యూనికోడ్‌లోకి (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ గుర్తించే తెలుగు అక్షరాల్లోకి) మార్చుకోవచ్చు, కానీ మార్చాక ప్రతి వాక్యం చదవండి. ఒత్తులు, దీర్ఘాలు పక్కకి జరుగుతాయి. వీలైతే ఈసారి దర్శకుల చేతే ఫోన్‌లో టైప్ చేయించి తీసుకోండి, అది మొదటి నుంచీ యూనికోడే. షెడ్యూల్‌ని పోస్టర్ బొమ్మగా మాత్రమే పెట్టి వదిలేయకండి బాబూ. బొమ్మలోని తెలుగుని గూగుల్ వెతికి పట్టుకుంటుందని నమ్మకం లేదు, చూపు లేనివాళ్ల ఫోన్ దాన్ని సరిగ్గా చదివి వినిపించకపోవచ్చు.

ఒకే పేరు ఇద్దరు కావడానికి కారణం కంటికి కనపడని అక్షరం. పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా కొన్ని కీబోర్డులు మధ్యలో ఒక శూన్య గుర్తు పెడతాయి, దాని యూనికోడ్ సంఖ్య 200సి. 'కుమార్' చివర ఒకరు టైప్ చేస్తే అది ఉంటుంది, ఇంకొకరు చేస్తే ఉండదు. చూడ్డానికి తేడా లేదు, యంత్రానికి రెండు వేర్వేరు పేర్లు. పోల్చే ముందు ఆ గుర్తుని, చివరి ఖాళీలని తీసేయమని స్క్రిప్టుకి చెప్పండి. పేజీ మీద చూపించేటప్పుడు మాత్రం అసలు రూపమే ఉంచండి, లేకపోతే 'షార్ట్‌ఫిల్మ్' లాంటి మాటలు పాడవుతాయి. అంతకంటే మంచిది మనుషులకీ ఒక ట్యాబ్ పెట్టి కోడ్ నంబర్ ఇవ్వడం.

సినిమా పేర్లూ అంతే. మన నెల్లూరు జిల్లా నుంచి వెళ్లిన సింగీతం శ్రీనివాసరావు గారి మాటల్లేని సినిమానే చూడండి. 1987లో వచ్చింది. కన్నడలో 'పుష్పక విమాన', హిందీలో 'పుష్పక్', తమిళంలో 'పేసుం పడం'. ఒకే సినిమాకి ఇన్ని పేర్లు. 2021లో తెలుగులో 'పుష్పక విమానం' అని ఇంకో సినిమా వచ్చింది. పేరొక్కటే రాస్తే ఏది అని ఎలా తెలుస్తుంది? ఏడాది, దర్శకుడు పక్కన ఉండాలి. మిగతా పేర్లు 'ఇతర పేరు' గడిలోకి, వికీడేటా (వికీపీడియా వాళ్ల సమాచార పట్టిక) లింకు ఉంటే 'ఇదే అది' అని చెప్పే గడిలోకి వెళ్లాలి. భాష గడిలో ఏం రాయాలి అంటారేమో, మాటలే లేని కృతికి ప్రామాణిక కోడ్ జెడ్ఎక్స్ఎక్స్. మీకు అలాంటి షార్ట్ ఫిల్మ్‌లు వస్తాయి కదా, తెలుగు అని రాసేయకండి.

లింకులో తెలుగు పెట్టినా గూగుల్‌కి ఇబ్బంది లేదు. కానీ కాపీ చేసినప్పుడు ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు తొమ్మిది గుర్తులుగా విడిపోతుంది. 'నెల్లూరు' అన్న మాటలో యూనికోడ్ లెక్కన ఎనిమిది ఉన్నాయి, అంటే 72 గుర్తులు. వాట్సాప్‌లో దాన్ని చూసి ఎవరైనా భయపడతారు. లింకు ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టిగా ఉంచి, పేజీ శీర్షిక తెలుగులో పెట్టి, దాని కింద ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి రాయండి. మనవాళ్లు రెండు రకాలుగానూ వెతుకుతారు. ఫెస్టివల్ ముఖ్య పేజీకి ఎప్పటికీ ఒకటే లింకు ఉండాలి, ఏడాది పేజీలు దాని కింద. పాత ఏడాదివి తీసేయకండి. సినిమా తీసిన పిల్లలకి అదొక్కటే సాక్ష్యం.

పెన్నగట్టు (నెల్లూరు):

మేడమ్, ఆ శూన్య గుర్తు 38 వరుసల్లో పదిహేనుచోట్ల దొరికింది. నాలుగు ట్యాబులు చేశాను: సినిమాలు, ఆటలు, వేదికలు, మనుషులు. 2025 పేజీలు పాత ఏడాది కింద అలాగే ఉంచి తేదీలు సరిచేశాను. వచ్చే మార్చి 1, 8 తేదీల ఆటలకి పేజీలు తయారయ్యాయి, ప్రతి తేదీనీ టెస్టులో పెట్టి కంటితో చదివాను. ఇంకొకరి చేత కూడా చదివించాను.

తాత సినిమాని మళ్లీ 8వ తేదీ మొదటి ఆటలో పెట్టాం, పొద్దున పదింటికి, సాయంత్రానికి తోటకి చేరుకునేలా. ఆ పేజీ లింకు మనవడికి పంపాను. 'గూగుల్‌లో ఆదివారం అని ఉందన్నా, ఆదివారమేనా?' అని అడిగాడు. ఆదివారమే అని ఫోన్ చేసి చెప్పాను.