ఫిలడెల్ఫియాకి వచ్చే అతిథులకు తిండి, తిరుగుడు: వాలంటీర్లు చూడండి

అతిథుల కమిటీ:
అందరికీ నమస్కారం. అక్టోబరులో మన దసరా వేడుక శనివారం, డౌన్‌టౌన్ కన్వెన్షన్ సెంటర్‌లో. బయటి ఊళ్లవాళ్లు చాలామంది గురువారం రాత్రికే దిగుతున్నారు. అంటే శుక్రవారం, ఆదివారం వాళ్లను తిప్పే బాధ్యత మనదే. చాలా ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నదాన్ని కాబట్టి నా సలహాలు రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఇంతదూరం వచ్చినవాళ్లకు మూడు పూటలా బిర్యానీ, దోశలే పెట్టి పంపొద్దు. అవి వాళ్ల ఊళ్లోనూ దొరుకుతాయి. ఈ నేలమీద పండేవి, ఇక్కడివాళ్లు వండేవి ఒక్కపూటైనా రుచి చూపిద్దాం. అయితే దేనిలో ఏముందో ముందే చెప్పాలి. మనవాళ్లలో బీఫ్ తిననివాళ్లు, పోర్క్ ముట్టనివాళ్లు, గుడ్డు కూడా వద్దనేవాళ్లు ఉంటారు. తిన్నాక తెలిస్తే ఆ బాధ తీర్చలేం.

రీడింగ్ టెర్మినల్ మార్కెట్ మన హాలుకి ఎదురుగానే ఉంది, రోడ్డు దాటితే చాలు. 1893 నుంచి నడుస్తున్న మార్కెట్. శనివారం పొద్దున కార్యక్రమం మొదలయ్యేలోపు అక్కడే టిఫిన్ చేయొచ్చు. ఆమిష్ వాళ్ల (పాతకాలపు పద్ధతుల్లో బతికే క్రైస్తవ సమాజం) స్టాళ్లు ఆదివారం మూసేస్తారు కాబట్టి శుక్ర, శనివారాలే మంచివి. ప్రెట్జెల్ స్టాల్ దగ్గర కాసేపు నిలబెట్టండి. పిండిని తాడులా సాగదీసి, మెలిపెట్టి, ఓవెన్‌లోంచి తీసిన వెంటనే వెన్నలో ముంచి ఇస్తారు. పిల్లలకు చూడ్డమే సరదా. పాల పదార్థాలు తిననివాళ్లు వెన్న వద్దని ముందే చెప్పాలి. 1861లో మొదలైన బాసెట్స్ ఐస్‌క్రీమ్ కూడా ఇక్కడే.

చీజ్‌స్టేక్ (సన్నగా తరిగిన మాంసం, చీజ్ పెట్టిన శాండ్‌విచ్) అడగనివాళ్లు ఉండరు. అది బీఫ్ అని స్పష్టంగా చెప్పండి. చికెన్‌తో చేసేవాళ్లు, మష్రూమ్‌తో చేసేవాళ్లు ఉన్నారు, కానీ చాలాచోట్ల అన్నీ ఒకే పెనంమీద కాలుస్తారు. పట్టింపు ఉన్నవాళ్లకు ఆ సంగతి చెప్పి, నిర్ణయం వాళ్లకే వదిలేయండి. తినేవాళ్ల ముందు మనం మొహం చిట్లించొద్దు. ఉదయం పూట కనిపించే స్క్రాపుల్‌లో ఉండేది పోర్క్. టొమాటో పై అనే, టొమాటో సాస్ పరిచిన మందపాటి రొట్టె మాత్రం శాకాహారులకు బాగుంటుంది, చల్లారాకే తింటారు.

రవాణా కమిటీ:
అక్కా, ఆమిష్ పల్లెలు చూడటానికి లాంకాస్టర్‌కి బస్సు ఆదివారానికి మాట్లాడనా? ఆ రోజు అందరూ ఖాళీ.

అతిథుల కమిటీ:
వద్దు తమ్ముడూ, శుక్రవారం పెట్టు. ఆదివారం ఆమిష్ వాళ్లు ఏ దుకాణమూ తెరవరు, అంతదూరం వెళ్లి మూసిన తలుపులు చూసి రావాలి. లాంకాస్టర్ ఊరి మధ్యలోని సెంట్రల్ మార్కెట్ కూడా మంగళ, శుక్ర, శనివారాల్లోనే. దాదాపు 70 మైళ్లు, ట్రాఫిక్ కలిసి గంటన్నర వేసుకో. ఊళ్లోంచి 340 రోడ్డు పట్టుకుంటే బర్డ్ ఇన్ హ్యాండ్ అనే పల్లె వైపు పొలాలు, గుర్రబ్బగ్గీలు కనిపిస్తాయి. మొక్కజొన్న కోతల కాలం కదా, గుర్రాలతో కోస్తుంటే చూడాలి. డ్రైవర్‌కి చెప్పు, బగ్గీ వెనక హారన్ కొట్టొద్దు, గుర్రాలు బెదురుతాయి.

ఇంకోటి, బస్సు ఎక్కగానే మైకులో చెప్పాలి. ఆమిష్ వాళ్ల మొహాలు ఫోటో తీయొద్దు. ఫోటోకి నిలబడటం వాళ్ల మతం ప్రకారం గర్వం కిందికి వస్తుంది. పొలం, బగ్గీ దూరం నుంచి తీసుకుంటే సరే. పిల్లల దగ్గరికెళ్లి సెల్ఫీ అడగడం మాత్రం చాలా తప్పు, దయచేసి ఆపండి.

అక్కడి షూఫ్లై పై అనే తీపి వంటకం తప్పక రుచి చూడాలి. కింద జిగటగా, పైన పొడిపొడిగా, నోట్లో బెల్లంపాకం వాసన వస్తుంది. దాని అడుగు పొర పిండిలో పందికొవ్వు వేసేవాళ్లు ఉన్నారు, శాకాహారులు అడిగి కొనాలి. చౌచౌ అని సీసాల్లో కూరగాయల పచ్చడి అమ్ముతారు, పులుపు, తీపి కలిసి ఉంటుంది. మన అన్నంలోకి కలవదుగానీ బ్రెడ్‌తో బాగుంటుంది. దారిలోని చిన్న స్టాళ్లలో కార్డు నడవకపోవచ్చు, చిల్లర డాలర్లు ఉంచుకోమనండి.

భోజనాల కమిటీ:
పెద్దవాళ్లు చాలామంది పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్లమంటున్నారు. ఒకే రాష్ట్రం కదా అంటున్నారు. ఏం చెప్పమంటారు?

అతిథుల కమిటీ:
ఒకే రాష్ట్రమే కానీ 300 మైళ్లండీ, ఒకవైపే ఐదు గంటలు. పెద్దవాళ్లను అంతదూరం కూర్చోబెట్టి అదేరోజు తిరిగి తీసుకురావడం నాకు ఇష్టం లేదు. న్యూజెర్సీ బ్రిడ్జ్‌వాటర్‌లో వేంకటేశ్వరాలయం ఉంది, గంట నుంచి గంటన్నర ప్రయాణం. రాబిన్స్‌విల్‌లో 2023 అక్టోబరులో ప్రారంభమైన అక్షరధామ్ ఇంకా దగ్గర. ఆదివారం పొద్దున రెండింటిలో ఒకటి పెట్టుకుంటే మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు.

గుడికి రానివాళ్లను వ్యాలీ ఫోర్జ్‌కి తీసుకెళ్దాం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1777-78 చలికాలంలో జార్జ్ వాషింగ్టన్ సైన్యం మకాం వేసిన చోటు, ప్రవేశం ఉచితం, నడవడానికి విశాలమైన గడ్డి మైదానాలు. పక్కనే కింగ్ ఆఫ్ ప్రష్యా మాల్. పెన్సిల్వేనియాలో మామూలు బట్టలమీద సేల్స్ టాక్స్ లేదని చెప్తే చాలు, బస్సు దానంతటదే నిండుతుంది.

యూత్ వాలంటీర్:
లాంకాస్టర్‌కి రాలేని తాతయ్యలు, అమ్మమ్మలు శుక్రవారం హోటల్లోనే ఉంటారా?

అతిథుల కమిటీ:
లేదు, వాళ్లకు లిబర్టీ బెల్ అనే చారిత్రక గంట, ఇండిపెండెన్స్ హాల్. లిబర్టీ బెల్ చూడటానికి టికెట్ అక్కర్లేదు, సెక్యూరిటీ లైను మాత్రం పొడుగు. ఇండిపెండెన్స్ హాల్‌కి మాత్రం టైమ్ రాసున్న టికెట్ కావాలి. టికెట్ ఉచితమే, ఆన్‌లైన్ బుకింగ్‌కి మనిషికి ఒక డాలరు తీసుకుంటారు. అక్టోబరులో స్కూలు పిల్లల గుంపులు వస్తాయి, అందుకే పది గంటలలోపు స్లాట్ చూడు. 1776లో స్వాతంత్ర్య ప్రకటన, 1787లో రాజ్యాంగం రెండూ చర్చించిన గది కింది అంతస్తులోనే ఉంది, వీల్‌చైర్‌లో వెళ్లొచ్చు. పైకి మెట్లే, లిఫ్టు లేదు, ఆ మాట ముందే చెప్పు. పెద్ద బ్యాగులు తేవద్దను.

మధ్యాహ్నం రీడింగ్ టెర్మినల్ మార్కెట్‌లో ఎక్కువ నడిపించకుండా, నువ్వు టేబుల్ పట్టుకుని కూర్చోబెట్టు, మిగిలినవాళ్లు తెచ్చిస్తారు. పన్నెండు దాటితే కుర్చీ దొరకదు. పెన్సిల్వేనియాలో అమెరికా మొత్తంమీద సగానికి పైగా పుట్టగొడుగులు పండుతాయి, కెన్నెట్ స్క్వేర్ చుట్టుపక్కలే ఎక్కువ. మష్రూమ్ సూప్ ఎక్కడైనా కనిపిస్తే తీసుకోండి, కాకపోతే చికెన్ నీళ్లతో చేశారేమో అడగాలి.

ఎయిర్‌పోర్ట్ నుంచి సెప్టా (ఇక్కడి ప్రజారవాణా సంస్థ) రైలు నేరుగా జెఫర్సన్ స్టేషన్‌కి వస్తుంది, కన్వెన్షన్ సెంటర్‌కి అక్కణ్ణుంచి నడకే. సామాను తక్కువున్నవాళ్లకు అదే చెప్పండి. రవాణా తమ్ముడూ, శుక్రవారం బస్సు ఖరారు కాగానే ఇక్కడ రాయి, ఆ లెక్కనుబట్టి ఇండిపెండెన్స్ హాల్ టికెట్లు నేను తీస్తాను.

రవాణా కమిటీ:
సరే అక్కా. తిరుగు ప్రయాణం సాయంత్రం ఐదుకల్లా మొదలయ్యేలా మాట్లాడతాను.

అతిథుల కమిటీ:
నాలుగున్నరకి మార్చు. చీకటి పడ్డాక ఆ రోడ్లమీద బగ్గీలు సరిగ్గా కనిపించవు.