క్రేన్: పక్షి పేరు ముందా, యంత్రం పేరు ముందా?

ప్రశ్న: పక్షుల వ్యాసం తెలుగు చేస్తున్నానండీ. ఇంగ్లీషులో క్రేన్ అంటే పక్షీ, బరువులెత్తే యంత్రమూ. ఏది ముందు? పక్షికి ‘కొంగ’ అని రాయొచ్చా?

జవాబు 1: పక్షే ముందండీ. పాత ఇంగ్లీషులో క్రాన్. దాని అరుపును బట్టి పుట్టిన పేరంటారు. పొడవాటి మెడను పోలి ఉందని యంత్రానికీ అదే పేరు పెట్టారు. గ్రీకులో గెరనోస్ కూడా అంతే, పక్షీ యంత్రమూ రెండూ. మెడ సాచి తొంగిచూడటమన్న అర్థంలో ‘క్రేన్’ అనే ఇంగ్లీషు క్రియ తర్వాత వచ్చింది. జెరేనియం మొక్క పేరూ గెరనోస్ నుంచే, కాయ ఆ పక్షి ముక్కులా ఉంటుందని.

జవాబు 2: ‘కొంగ’ అని మాత్రం రాయకండి, చదివేవాళ్లకు హెరాన్, ఈగ్రెట్ అనే వేరే పక్షులు గుర్తొస్తాయి. ఎగిరేటప్పుడు కొంగ మెడను ఎస్ ఆకారంలో ముడుస్తుంది, క్రేన్ తిన్నగా చాస్తుంది. స్టార్క్ అనే మరో పొడుగుకాళ్ల పక్షి కూడా చాస్తుంది కాబట్టి ఇదొక్కటే చూస్తే పొరబడతారు. చాలా రకాల క్రేన్ల వెనకవేలు చిన్నది, పైకి ఉంటుంది, కొమ్మను పట్టుకోలేదు. అందుకే మన దేశంలో కనబడే సారస్ క్రేన్ చిత్తడి నేలమీదే గూడు కడుతుంది. చెట్టుమీద వాలిందని మూలంలో ఉంటే అది క్రేనేనా అని సరిచూసుకోండి.

జవాబు 3: సారస్ అయితే ‘సారసం’ సరిపోతుంది. మొత్తం కుటుంబానికి ‘బెగ్గురు’ అన్న పాతమాట ఉంది, నాకైతే అదే ఇష్టం. మొదటిసారి వాడినచోట పక్కన ‘క్రేన్’ అనీ రాయండి.