ఇంట్లో చుట్ట పొగ, అమ్మాయి కొలెస్టరాల్

ప్రశ్న (పటమట, విజయవాడ):
మా మామగారు వరండాలో చుట్ట కాలుస్తారు. పదిహేనేళ్ల మా అమ్మాయికి మంచి కొలెస్టరాల్, అంటే హెచ్‌డీఎల్, 36 వచ్చింది. నూనె తగ్గించాము, పొగకు కూడా దీనితో సంబంధం ఉంటుందా?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
ఉండవచ్చునమ్మా. ఇతరులు వదిలిన పొగ పీల్చే పిల్లల్లో హెచ్‌డీఎల్ తక్కువగా ఉండటాన్ని పరిశోధకులు గమనించారు. రక్తనాళాల్లోని కొవ్వును కాలేయానికి చేరవేసేది అదే కనుక, 40 కంటే తగ్గితే ఈ వయసులోనూ పట్టించుకోవలసిందే. అయితే వంశపారంపర్యం, అధిక బరువు, వ్యాయామ లోపం కూడా కారణాలు కావచ్చు.

జవాబు (విజయవాడ):
వరండా పొగ గదుల్లోకీ వస్తుంది. ఈ పొగకు ప్రమాదం లేని మోతాదు లేదని అమెరికా సర్జన్ జనరల్ (ఆ దేశ ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధానాధికారి) 2006 నివేదిక స్పష్టంగా చెప్పింది. మామగారికి ఈ మాట మీ వారి చేత చెప్పించండి. పరగడుపున మళ్లీ పరీక్ష చేయించి, పిల్లల వైద్యునికి చూపించండి.